లంకలో బంగళా – ఎవరికి విశ్రాంతి?

ధ్యాన భాగాలు: నిర్గమకాండము 20:8–11, ద్వితీయోపదేశకాండము 5:12–15, అపొస్తలుల కార్యములు 28:1–10



ఈమధ్య ఒక ప్రశ్న మాకు తరచుగా ఎదురవుతోంది. "అయ్యగారూ, సెలవులకు లంకలో బంగళా అద్దెకు తీసుకుని రెండు రోజులు ఉండి రావడం విశ్వాసికి తగునాండి?" అని ఊరు వదిలి ఉద్యోగాలకు వెళ్ళిన పిల్లలు ఫోను చేసి అడుగుతున్నారు. "కొబ్బరితోటలో మా ఇల్లు ఖాళీగా పడి ఉంది, టూరిస్టులకు ఇచ్చుకోవచ్చాండి?" అని ఇక్కడున్న పెద్దలు అడుగుతున్నారు. ఏడాది కిందట అయితే ఒక్క మాటలో జవాబు చెప్పి, ప్రార్థన చేసి పంపేసేవాళ్ళం. ఇప్పుడు అలా చెప్పలేకపోతున్నాం. ఎందుకో ఇక్కడ రాస్తున్నాం. ఇందులో మా తప్పు కూడా ఒకటి ఉంది. దాన్ని దాచకుండానే రాస్తాం.

ద్వీపం అనగానే మనవాళ్ళకు మాల్దీవులు, అండమాన్లు, బాలి గుర్తుకొస్తాయి. మనం ద్వీపంలోనే పుట్టి పెరిగామన్న సంగతి గుర్తుండదు. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోతుంది. ఆ రెండు పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్నదే కోనసీమ. వైనతేయ దాన్ని మళ్ళీ చీల్చుకుంటూ సముద్రంలోకి పోతుంది. ఈ పాయల నడుమ ఇసుక మేటలు వేసి పైకి లేచినవే మన లంకలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవలు పారాక ఈ నేల పచ్చబడింది. కాటన్ దొరగారి పేరు మనకందరికీ తెలుసు. ఆ ఆనకట్టకు రాళ్ళు మోసిన వేలమంది కూలీల్లో ఒక్కరి పేరు కూడా మనకు తెలియదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, తరవాత మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఒకప్పుడు మన లంకలకు ఎవరు వచ్చేవారు? పెళ్ళిళ్ళకు చుట్టాలు, తీర్థాలకు యాత్రికులు, కొబ్బరి కొనే షావుకార్లు. ఇప్పుడు దిండిలో ప్రభుత్వ టూరిజం రిసార్టు ఉంది, వశిష్ఠలో హౌస్‌బోట్లు తిరుగుతున్నాయి. వాటిని చూసి ప్రైవేటు బంగళాలు కూడా లేచాయి. తోట మధ్యలో పెంకుటిల్లు బాగుచేయించి, ముందు ఉయ్యాల బల్ల, వెనక ఈత కొలను పెడితే చాలు, హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ వస్తున్నారు. సంక్రాంతికైతే నెలల ముందే అన్నీ నిండిపోతాయి. ఇంటి యజమాని ఎక్కడో పట్నంలోనో పరదేశంలోనో ఉంటారు. బుకింగు ఫోనులో జరిగిపోతుంది, డబ్బు ఫోనులోనే చేరిపోతుంది. ఇక్కడ ఉండేది ఒక కాపలా మనిషి, ఒక వంటమనిషి, గదులు తుడిచి దుప్పట్లు ఉతికే ఒక ఆడమనిషి.

గత ఫిబ్రవరిలో మా పెళ్ళై ఇరవై ఏళ్ళు నిండాయి. మా సంఘంలో సండే స్కూలు చదువుకుని ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్న ఒక బాబు, "అయ్యగారూ, అమ్మగారూ, మీరు ఇన్నేళ్ళలో ఒక్క రోజు సెలవు తీసుకోవడం చూడలేదండి" అని, నదికి అవతలి లంకలో ఒక బంగళా సోమవారం నుంచి బుధవారం దాకా మా పేరున బుక్ చేశాడు. మేము ముందు వద్దన్నాం. తరవాత ఒప్పుకున్నాం. నిజం చెప్పాలంటే మనసులో సంతోషంగానే ఉంది.

పడవ దిగి వెళ్ళాం. చల్లటి గది, తెల్లటి దుప్పట్లు, కిటికీ తెరిస్తే నది. ఎలీషా ప్రవక్త కోసం షూనేము స్త్రీ మేడమీద కట్టించిన గదిలో మంచం, బల్ల, పీట, దీపం ఉన్నాయని రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలో చదువుతాం. ఇక్కడ వాటికి పదింతలు ఉన్నాయి. సాయంత్రం వరండాలో కూర్చుని మేమిద్దరం చాలాకాలం తరవాత తీరిగ్గా మాట్లాడుకున్నాం. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాం.

మర్నాడు పొద్దున్నే వెనక తలుపు దగ్గర టీ ఫ్లాస్కు పెట్టి ఒకావిడ గబగబా తిరిగి వెళ్ళిపోతోంది. కొంగు తలమీదికి లాక్కుంది. పాస్టరమ్మ నడక చూసే గుర్తుపట్టింది. ఆమె మా సంఘపు మనిషే. డిసెంబరు నుంచి ఆరాధనకు రావడం లేదు. మోకాళ్ళ నొప్పులని కబురు పంపింది. జనవరిలో ఒక ఆదివారం మేము ప్రసంగంలో, "కొందరికి దేవుని మందిరానికి రావడానికి మోకాళ్ళు నొప్పి, మిగతా ఆరు రోజులు నొప్పి ఉండదు" అన్నాం. పేరు చెప్పలేదు. కానీ చెప్పాల్సిన పని లేదు, మందిరంలో అందరూ అర్థం చేసుకున్నారు. ఆ మాట ఆమె చెవిన కూడా పడింది.

పాస్టరమ్మ వెనకాలే వెళ్ళి నూతిగట్టు దగ్గర ఆమె పక్కన కూర్చుంది. చాలాసేపటికి ఆమె నోరు విప్పింది. "అబద్ధం చెప్పానండి అమ్మగారూ, క్షమించండి. శనివారం రాత్రి దిగినోళ్ళు ఆదివారం టిఫిన్లు చేసి పదకొండింటికి గది ఖాళీ చేస్తారండి. ఒంటిగంటకి ఇంకొకళ్ళు దిగుతారు. ఆ రెండు గంటల్లోనే గదులన్నీ కడగాలి, దుప్పట్లు మార్చాలి. ఆదివారం రాకపోతే సోమవారం కూడా రావద్దంటారండి."

మా ఆరాధన ఆదివారం పది గంటలకు మొదలై పన్నెండున్నరకు ముగుస్తుంది. ఆమె మాకు అబద్ధం చెప్పింది, నిజమే. కానీ పని ఉందని చెబితే మేము ఏమనేవాళ్ళం? "దేవుని కంటే పని ఎక్కువా?" అనేవాళ్ళం. అది తెలిసే ఆమె మోకాళ్ళ మీద పెట్టింది. ఆ రోజు మేము పడుకున్న తెల్లదుప్పటిని అంతకు ముందు ఆదివారం ఆరాధన వేళలోనే ఎవరో ఉతికి ఆరేశారు. ఎవరో ఏమిటి, ఆమే.

ఇక మా అభిప్రాయానికి వస్తాం.

విశ్రాంతి తీసుకోవడం పాపం కాదు. కొందరు దైవజనులు అలా మాట్లాడుతుంటారు గానీ అది లేఖనానుసారం కాదు. తినడానికి కూడా తీరిక లేని శిష్యులను ప్రభువే ఏకాంత స్థలానికి పిలిచి కొంచెం అలసట తీర్చుకోమన్నాడని మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. మన దేశానికి వచ్చిన మిషనరీలు జ్వరాలతో బిడ్డలను, భార్యలను పోగొట్టుకున్నాక కొండలమీద బంగళాలు కట్టుకున్నారు. 1845లో అమెరికన్ మధురై మిషన్ వారు కొడైకెనాల్‌లో అలాగే ఇళ్ళు కట్టారు. వారిని మేము తప్పుపట్టం. అయితే అప్పుడు ఆ కొండకు రోడ్డు లేదు. దొరల్నీ దొరసానుల్నీ డోలీల్లో, కుర్చీల్లో కూలీలు భుజాలమీద మోసి పైకి చేర్చారు. ఒకరి విశ్రాంతి ఇంకొకరి భుజం మీద ఆనుకుని ఉండడం కొత్త సంగతి కాదు.

అందుకే విశ్రాంతి దినపు ఆజ్ఞను మళ్ళీ ఒకసారి నెమ్మదిగా చదవండి. మనం దాన్ని 'నువ్వు పని చేయకు, మందిరానికి రా' అన్నంతవరకే చదువుతాం. దేవుడు అక్కడ ఆగలేదు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువులు, నీ ఇంట దిగిన పరదేశి – ఇంతమందిని వరసపెట్టి చెప్పాడు. ద్వితీయోపదేశకాండములో ఇంకొంచెం విడమరిచి, నీలాగే నీ దాసుడూ దాసీ అలసట తీర్చుకోవాలన్నాడు. ఆజ్ఞ యజమానికి ఇచ్చాడు, మేలు మాత్రం పనిమనిషి దాకా వెళ్ళాలన్నాడు. మా సంఘంలోని ఆ సహోదరి ఆదివారం రాలేదని ఆమెను గద్దించాం. నిజానికి ఆ ఆజ్ఞ ప్రకారం గద్దింపు వినవలసినవారు ఆ బంగళా యజమాని, శనివారం రాత్రికి దిగిన అతిథులు. ఆ అతిథుల్లో మన విశ్వాసులు కూడా ఉంటారు.

దేవుడు అక్కడే ఒక కారణం కూడా చెప్పాడు: మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, అది మరిచిపోవద్దు. మన డెల్టా ప్రజలకు కూడా అలాంటి జ్ఞాపకం ఒకటి ఉంది. 19వ శతాబ్దంలో కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడలెక్కి మన తెలుగువాళ్ళు మారిషస్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళారు. అక్కడ తెలుగువాళ్ళను ఆ రేవు పేరుతోనే కోరంగివాళ్ళు అని పిలిచేవారు. ఈరోజు మన పిల్లలు అదే మారిషస్‌లో సముద్రం ఒడ్డున బంగళా అద్దె ఎంతో ఫోనులో చూస్తున్నారు. వెళ్ళనివ్వండి, సంతోషమే. కానీ అక్కడ గది తుడిచే మనిషిని చూసినప్పుడు, మన ముత్తాతల్లో ఎవరో ఆ దీవిలో ఎండలో నిలబడి ఉండవచ్చని గుర్తుంచుకోమని చెప్పండి.

ఆదివారం సెలవు కూడా మన దేశంలో ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికులకు వారానికి ఒక రోజు సెలవు కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే గారు ఏళ్ళ తరబడి పోరాడితే 1890లో మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. ఆయన జోతిరావు ఫూలే గారి అనుచరుడు. దేవుని ఆజ్ఞలో ఉన్న సంగతిని సంఘం మరిచిపోతే దేవుడు దాన్ని ఎవరి చేతనైనా గుర్తుచేయిస్తాడు. మన రాష్ట్రంలో దుకాణాలు, సంస్థల చట్టం 1988 నుంచి ఉంది. వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఇవ్వాలని అందులోనూ ఉంది. కానీ నది దాటి తోటలో ఉన్న బంగళాకు వెళ్ళి, ఇక్కడ దుప్పట్లు ఉతికే ఆవిడకు సెలవు ఎప్పుడు అని ఎవరడుగుతారు?

"అయితే ఈ బంగళాలు మూయించాలా అయ్యగారూ?" అని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. వద్దు. తాగుడు, సంక్రాంతి పందేలు చూపించి వీటన్నిటినీ ఒకే గాటన కట్టి తిట్టడం సులువు. కానీ ఆ సహోదరి ఇదివరకు కువైట్‌లో అరబ్బు ఇంట్లో నాలుగేళ్ళు పనిచేసి వచ్చింది. అప్పుడు ఆమె బిడ్డలు అమ్మమ్మ దగ్గర పెరిగారు. వచ్చాక రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పొట్టు తీసింది. ఈ బంగళా వచ్చాకే రాత్రికి ఇంటికి వచ్చి పిల్లలతో అన్నం తింటోంది. ఆ పని పోతే ఆమెకు మిగిలేది మళ్ళీ విమానమే. పని ఉండాలి, ఆ పనిలో ఒక రోజు విశ్రాంతి కూడా ఉండాలి.

లేఖనాల్లో ద్వీపంలో ఆతిథ్యం గురించి ఒక చక్కటి సంగతి ఉంది. ఓడ బద్దలై పౌలు, మిగతావారు మెలితే ద్వీపానికి చేరినప్పుడు వానా చలీ ఉన్నాయని అక్కడివాళ్ళు మంట వేసి అందరినీ చేర్చుకున్నారు. ఆ ద్వీపంలో ముఖ్యుడైన పొప్లి మూడు రోజులు వారిని తన ఇంట ఉంచుకున్నాడు. అద్దె మాట లేదు. అదే అధ్యాయం చివరికి వచ్చేసరికి పౌలు రోమాలో అద్దె ఇంట్లో రెండేళ్ళు ఉన్నాడు, వచ్చినవారినందరినీ ఆదరించాడు. అద్దె ఇల్లైనా అక్కడ ఆతిథ్యం ఆగలేదు.

మెలితే దాకా ఎందుకు, మన లంకల గన్నవరంలోనే డొక్కా సీతమ్మ గారు ఉండేవారు. 1841లో పుట్టి 1909లో కన్నుమూశారు. గోదావరి పాయ దాటి ఏ వేళలో ఎవరు వచ్చినా, కులం అడగకుండా, అర్ధరాత్రి అయినా లేచి వండి పెట్టేవారని మన తాతలు చెప్పేవారు. ఆమె మన మతస్థురాలు కాదు. అయినా ఆమె పేరు చెప్పకుండా ఈ సీమలో ఆతిథ్యం గురించి మాట్లాడడం కృతఘ్నత అవుతుంది. గన్నవరం అక్విడెక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024 నుంచి బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే.

సీతమ్మ గారి ఇంట్లో వండిందీ, వడ్డించిందీ, ఇంటికి యజమానురాలూ ఒకే మనిషి. అతిథి ఎవరికి దండం పెట్టాలో తెలిసేది. అద్దె బంగళాలో డబ్బు తీసుకునేవారు ఒకరు, అర్ధరాత్రి లేచి తలుపు తీసేవారు ఇంకొకరు. మనం డబ్బు కట్టేశాం కాబట్టి ఎవరికీ ఏమీ బాకీ లేమనుకుంటాం. ఆతిథ్యం ఇచ్చిన మనిషి చేతికి ఆ డబ్బులో ఎంత వచ్చిందో అడగం. మేము ఉన్న బంగళాలో రెండు రాత్రుల అద్దె ఆ సహోదరి నెల జీతం కంటే ఎక్కువ. పొలం కోసిన కూలీల జీతం బిగబడితే ఆ కేక ప్రభువు చెవిన పడుతుందని యాకోబు రాసిన మాట ఇక్కడికీ వర్తిస్తుంది.

ఇంకొక సంగతి. అతిథులు వచ్చేది చలికాలంలో. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంకల్లో నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో మనకు తెలుసు. ఫోటోలో కనబడే ఆ అందమైన వరండా మెరక మీద ఉంటుంది, దాన్ని తుడిచే మనిషి ఇల్లు పల్లంలో ఉంటుంది. వరద నెలల్లో బుకింగులు ఉండవు కాబట్టి జీతం కూడా ఉండదు. ఇల్లు మునిగిన నెలలోనే కూలి కూడా పోతుంది.

కాబట్టి ప్రియులారా, అడిగినవారికి మేము ఇప్పుడు చెబుతున్న జవాబు ఇది.

మొదటిది, అద్దెకు దిగే బిడ్డలకు. సంతోషంగా రండి. మీ తాతల నేల ఇది. కానీ శనివారం రాత్రికి దిగి ఆదివారం గది ఖాళీ చేసే ఏర్పాటు పెట్టుకోకండి. ఆదివారం ఉంటే సోమవారం దాకా ఉండండి, ఆ రోజు మాకు గదులు తుడవనక్కరలేదని ముందే చెప్పండి. మీకు వండినవారి పేరు, ఊరు అడగండి. వెళ్ళేముందు దుప్పట్లు మీరే తీసి మడత పెట్టండి. ఇవ్వాలనుకున్నది ఆమె చేతిలో పెట్టండి, యాప్‌లో వేసే నక్షత్రాలు ఆమె ఇంటికి చేరవు.

రెండవది, బంగళా ఉన్న విశ్వాసులకు. వారానికి ఒక రోజు జీతంతో సెలవు ఇవ్వండి. మన సంఘపు మనుషులకు అది ఆదివారం అయితే మేలు. మిగతావారికి ఏ రోజు కావాలో వారినే అడగండి. ఆదివారం పదకొండు గంటల నియమాన్ని సాయంత్రం నాలుగుకు మార్చండి, ఆ రోజు కొత్తవారిని దింపకండి. ఒక రాత్రి అద్దె పోతుంది. ఆజ్ఞ పాటించడమంటే కొంత పోగొట్టుకోవడమే గదా. వరద నెలల్లో సగం జీతమైనా ఇవ్వండి.

మూడవది, మా వంటి కాపరులకు. మందిరంలో ఖాళీగా ఉన్న చాప చూసి కోపం తెచ్చుకోవద్దు. ముందు ఆ ఇంటికి వెళ్ళండి. మేము వెళ్ళకుండా ప్రసంగం చేశాం. ఆమె ఇల్లు మందిరానికి అర కిలోమీటరు కూడా ఉండదు.

మేము ఆమె దగ్గర క్షమాపణ అడిగాం. జనవరిలో అందరి ముందు అన్న మాట కాబట్టి, ఆమె అనుమతి తీసుకుని మార్చిలో అందరి ముందే తప్పు ఒప్పుకున్నాం. బంగళా యజమాని గారికి ఫోను చేసి ఆదివారం సంగతి అడిగితే, "చూద్దాంలెండి" అన్నారు. ఇంతవరకు మారలేదు. మళ్ళీ అడుగుతూనే ఉన్నాం.

ఈలోగా ఆదివారం సాయంత్రం ఆరున్నరకు రెండో ఆరాధన మొదలుపెట్టాం. మొదటి వారం ఏడుగురు వచ్చారు. ఇద్దరు వంటమనుషులు, రొయ్యల చెరువు కాపలా అబ్బాయి ఒకడు, పెట్రోలు బంకులో పనిచేసే భార్యాభర్తలు, ఒక నర్సమ్మ, ఈ సహోదరి. ఇంతమంది ఇన్నాళ్ళూ పొద్దుటి ఆరాధనకు ఎందుకు రావడం లేదో మేము ఒక్కసారి కూడా అడగలేదు. పాట మధ్యలోనే ఇద్దరికి నిద్ర పట్టేసింది. పాస్టరమ్మ లేపబోతే మేము వద్దని సైగ చేశాం.

ప్రార్థన: విశ్రాంతి దినమునకు ప్రభువైన తండ్రీ, మా అలసట తీర్చుకునే తొందరలో ఇతరుల అలసటను చూడలేకపోయాం, మమ్మల్ని క్షమించు. నదికి ఆవల, సముద్రానికి ఆవల, ఇతరుల ఇళ్ళలో గదులు తుడిచే నీ బిడ్డలను జ్ఞాపకం చేసుకో. వారికి ఒక రోజు దయచేయి. ఆ రోజు ఇవ్వగలిగిన చేతులు మావైతే, వాటిని తెరువు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.